చప్పుడు ఆగితే చనిపోయినట్టేనా?

అబర్డీన్ బజార్లో గడియార స్తంభం దాటి జెట్టీ వైపు దిగే దారిలో ఒక టీ కొట్టు ఉంది. నడిపే ముసలావిడది శ్రీకాకుళం జిల్లా సముద్రపుటొడ్డు. పెళ్లై, మొగుడి వెంట ఓడెక్కి వచ్చి నలభై ఏళ్లు దాటిందట. ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది గాని ఆమె నోట ఇప్పటికీ పోర్ట్‌బ్లేరే. ఈ బజార్లో తెలుగు వినపడడం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది తమ మాతృభాష తెలుగని రాయించుకున్నారు.

నేను ఇక్కడికి సర్వర్ల పని మీద వచ్చాను. మూడో రోజు సాయంత్రం టీ తాగుతుంటే అడిగింది.

"నీ పనేటి బాబూ?"

"మిషన్ల పని మామ్మా. ఒకే పనికి రెండు కంప్యూటర్లు పెడతాం. ఒకటి చచ్చిపోతే రెండోది ఆ పని అందుకుంటుంది. జనానికి తేడా తెలీకూడదు. అది సరిగ్గా జరిగేలా చూడడమే నా పని."

"మొదటిది సచ్చిపోనాదని రెండోదానికెలా తెలుస్తాది?"

"సెకనుకోసారి ఉన్నాను, ఉన్నాను అని ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు ఆగిపోతే పోయినట్టు లెక్క."

గ్లాసు కడుగుతున్న చెయ్యి ఆగింది. "కబురు రాకపోతే సచ్చిపోయినట్టేటి బాబూ?"

తర్వాత ఆమె చెప్పింది 2004 డిసెంబరు 26 సంగతి. తమ్ముడు అప్పుడు కార్ నికోబార్‌లో కూలిపని చేస్తున్నాడు. ఉదయం ఆరున్నరకు భూమి ఊగింది. ఆ తర్వాత సముద్రం లేచింది. ఫోన్లు మూగబోయాయి. కార్ నికోబార్ మొత్తం కొట్టుకుపోయిందని బజార్లో చెప్పుకున్నారు. నాలుగో రోజుకి అయినవాళ్లు కర్మ చెయ్యమన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"కబురు నేదు, నిజమే. అలాగని సచ్చిపోయినట్టు సూసినోడూ నేడు గదా. కర్మ సేసీసినాక ఆడొస్తే ఏటి సేస్తాం?"

పదకొండో రోజున తమ్ముడు ఓడ దిగి నడుచుకుంటూ వచ్చాడు.

ఇలా ఒకదానికొకటి ఆసరాగా నిలిచే యంత్రాల గుంపును మా వృత్తిలో హై అవైలబిలిటీ క్లస్టర్ అంటారు. దాని మీద ఎన్ని పుస్తకాలున్నా, ఆ పుస్తకాలన్నీ చివరికి కుస్తీ పట్టేది ఈమె అడిగిన ప్రశ్నతోనే. రెండో యంత్రం కొనడం ఎప్పుడూ కష్టం కాలేదు, డబ్బుంటే చాలు. మొదటిది నిజంగా పోయిందా, లేక దాని గొంతు మాత్రమే మనకు వినపడడం లేదా? ఈ రెండింటి తేడా పట్టుకోవడానికి మనుషులకు ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథ చెప్పాలని ఉంది.

జంట యంత్రాలు కంప్యూటర్లంత పాతవి. 1950ల చివర్లో అమెరికా వాయుసేన సేజ్ అనే రక్షణ వ్యవస్థ కోసం ఐబీఎం చేత కట్టించిన ప్రతి కేంద్రంలోనూ రెండేసి కంప్యూటర్లు ఉండేవి, ఒకటి పనిలో, ఒకటి సిద్ధంగా. వేల వాక్యూమ్ ట్యూబులతో నడిచే యంత్రం ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆ ఏర్పాటు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ టికెట్ల వ్యవస్థ సేబర్ కూడా రెండు ఐబీఎం 7090లతోనే మొదలైంది. 1965లో బెల్ సంస్థ ఎలక్ట్రానిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి పెట్టినప్పుడు నలభై ఏళ్లలో మొత్తం రెండు గంటలకు మించి ఆగకూడదని గురి పెట్టుకుంది. ఇవన్నీ ఆయా సంస్థలు తమ కోసం, కోట్లు పోసి, ప్రత్యేకంగా చేయించుకున్నవి. అలాంటి యంత్రాన్ని అంగట్లో సరుకులా అమ్మొచ్చని మొదట గట్టిగా నమ్మినవాడు జేమ్స్ ట్రేబిగ్. హ్యూలెట్ ప్యాకర్డ్ వదిలేసి 1974లో కాలిఫోర్నియాలో టాండెమ్ అనే కంపెనీ పెట్టాడు. ఇద్దరు కూర్చుని తొక్కే సైకిల్‌ను టాండెమ్ అంటారు. 1976లో మొదటి యంత్రం సిటీబ్యాంకుకు వెళ్లింది.

ఆ యంత్రం లోపలి ఏర్పాటు చెప్పకుండా ముందుకు పోబుద్ధి కాదు. అందులో రెండు మొదలుకొని పదహారు దాకా ప్రాసెసర్లు ఉండొచ్చు. వాటిని కలిపే దారులు రెండు, ఒకటి తెగినా రెండోది ఉంటుంది. ప్రతి ప్రోగ్రాము జంటగా నడుస్తుంది. అసలుది ఒక ప్రాసెసర్ మీద, దాని నీడ వేరే ప్రాసెసర్ మీద. అసలుది ముఖ్యమైన అడుగు వేసిన ప్రతిసారీ ఎక్కడిదాకా వచ్చిందో నీడకు చెప్పి మరీ కదులుతుంది. ప్రాసెసర్లన్నీ సెకనుకోసారి 'బతికే ఉన్నాను' అని రెండు దారుల్లోనూ కేక వేస్తాయి. రెండు సెకన్లకోసారి మిగిలినవాటి కేకలు వినపడ్డాయో లేదో చూసుకుంటాయి. వినపడకపోతే నీడ లేచి నిలబడి పని అందుకుంటుంది. నేడు మేం హార్ట్‌బీట్ అనేది ఈ కేకనే.

టాండెమ్ దానికి ఇంకో నియమం కలిపింది. ఏ భాగమైనా తన లెక్కలో తేడా గమనిస్తే తప్పు జవాబు చెప్పకుండా అక్కడికక్కడే ఆగిపోవాలి. అనుమానంతో నడవడం కన్నా ఆగడం మేలు. ఈ నియమం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ వస్తుంది.

టాండెమ్‌లో కేక ఆగితే చచ్చిపోయిందనే అనుకోవచ్చు. ఒకే బీరువాలో పక్కపక్కన ఉన్న ప్రాసెసర్లు, మధ్య రెండు దారులు. రెండూ ఒకేసారి తెగడం అరుదు. చిక్కంతా యంత్రాలు వేరువేరు గదుల్లోకి, ఊళ్లలోకి వెళ్లాక, మధ్యలో తీగ పొడుగయ్యాక వచ్చింది.

ఆ చిక్కుకు మొదటి రూపం ఇచ్చిన వ్యాసం 1975లో వెలువడింది. రాసినవాళ్లు ముగ్గురు: అక్కొయున్లు, ఏకనాధం, హ్యూబర్. మధ్య పేరు మన చెవికి ఎంత చనువుగా వినపడుతుందో. వాళ్లు చెప్పిన ఉదాహరణలో రెండు ముఠాలు ఒకేసారి దాడి చెయ్యాలి. కబురు తీసుకెళ్లే మనిషి దారిలో చిక్కిపోవచ్చు. కబురు అందిందని తిరుగు కబురు రావాలి, ఆ తిరుగు కబురు అందిందని మళ్లీ ఒకటి వెళ్లాలి. ఎన్ని పంపినా చివరిది అందిందో లేదో పంపినవాడికి తెలియదు. మూడేళ్ల తర్వాత జిమ్ గ్రే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఇదే కథను ఇద్దరు సేనాపతుల కథగా చెప్పాడు, ఆ పేరే నిలిచింది. 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ ఇంకో అడుగు ముందుకేసి గణితంతో తేల్చారు: కబురుకు ఎంత సేపు పడుతుందో హద్దు లేని చోట, ఒక్క యంత్రం పోయే అవకాశం ఉన్నా, మిగిలినవన్నీ ఎప్పటికైనా ఏకాభిప్రాయానికి వచ్చి తీరతాయని హామీ ఇవ్వలేం. కారణం మామ్మ చెప్పిందే. నెమ్మదిగా ఉన్నవాడికీ పోయినవాడికీ దూరం నుంచి తేడా తెలియదు.

మన భారతంలో ద్రోణుడి కథ నాకు ఎప్పుడూ ఈ సందర్భంలోనే గుర్తొస్తుంది. కొడుకు పోయాడని భీముడు అరిచాడు. ద్రోణుడు నమ్మలేదు. మూడో మనిషిని, అబద్ధమాడడని పేరున్న ధర్మరాజును అడిగాడు. అడిగిన పద్ధతి సరైందే. కానీ ధర్మరాజు జవాబులో, పోయింది ఆ పేరున్న ఏనుగన్న ముక్క శంఖాల హోరులో మునిగిపోయింది. కొడుకు బతికుండగానే తండ్రి ఆయుధం వదిలేశాడు. ఎవరిని అడగాలో తెలిసినా దారిలో కబురు సగమే చేరితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక ఆఫీసులో రెండు సర్వర్ల క్లస్టర్ కట్టాను. రెండింటికీ కలిపి ఒకటే డిస్కుల పెట్టె. వాటి మధ్య గుండె చప్పుడు వెళ్లడానికి ఒకే ఒక్క తీగ. ఒక ఆదివారం గది ఊడుస్తున్నప్పుడు ఆ తీగ కదిలి ఊడింది. రెండు సర్వర్లూ శుభ్రంగా బతికే ఉన్నాయి. మొదటిది రెండోది పోయిందనుకుంది, రెండోది మొదటిది పోయిందనుకుంది. రెండోది లేచి అదే డిస్కును తనూ తెరిచి రాయడం మొదలుపెట్టింది. ఒకే ఖాతా పుస్తకంలో ఒకరికి తెలియకుండా ఒకరు ఇద్దరు గుమాస్తాలు రాస్తున్నట్టు. సోమవారం పొద్దున్నకి ఆ డిస్కు మీద చదవడానికి పనికొచ్చేది ఏమీ మిగల్లేదు. బ్యాకప్ టేపుల్లోంచి రెండు రోజులు కూర్చుని తీశాం, శనివారం నాటి పని మాత్రం పోయింది. ఒకే సర్వర్ ఉండి అది పాడైతే ఇంత నష్టం జరిగేది కాదు. దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఒకే శరీరానికి రెండు బుర్రలై, రెండూ చేతులు కదిలించడం. నేను వదిలేసిన జాగ్రత్త ఏమిటో కాసేపట్లో చెబుతాను.

ఈ ప్రమాదానికి మొదటి గట్టి మందు 1983లో వచ్చింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, దాన్ని డెక్ అనేవాళ్లు, తన వ్యాక్స్ కంప్యూటర్లను కలిపి వ్యాక్స్‌క్లస్టర్ అని అమ్మింది. క్లస్టర్ అనే మాట మా అందరి నోళ్లలో పడింది దాని వల్లనే. అందులో ప్రతి యంత్రానికీ ఓటు ఉంటుంది. మొత్తం ఓట్లలో సగానికి మించి కనపడుతుంటేనే పని చెయ్యాలి. దీనికి వాళ్లు పెట్టిన పేరు మనకు కొత్తది కాదు: కోరం. మండల సమావేశం కోరం లేక వాయిదా పడిందని పేపర్లో చదువుతాం కదా, అదే. మూడు యంత్రాలున్నాయనుకోండి. తీగ తెగి రెండు ఒక పక్క, ఒకటి ఇంకో పక్క పడ్డాయి. ఇద్దరున్న చోట కోరం ఉంది, పని సాగుతుంది. ఒంటరిది పూర్తి ఆరోగ్యంగా ఉన్నా చేతులు కట్టుకుని నిలబడిపోతుంది. అవతలివాళ్లు పోయారో ఉన్నారో దానికి తెలియదు. తెలుసుకోనక్కర్లేదు కూడా. తనకు కోరం లేదన్నది మాత్రం దానికి ఖాయంగా తెలుసు. నాకు ఈ ఊహంటే గౌరవం. ఎదుటివాడి చావు గురించిన ప్రశ్నను తన హక్కు గురించిన ప్రశ్నగా మార్చేసింది. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికి ఉంది.

రెండే యంత్రాలుంటే? తీగ తెగితే చెరొక ఓటు, ఎవరికీ సగానికి మించదు. అందుకు డెక్ ఇంజనీర్లు ఒక డిస్కుకే ఓటు ఇచ్చారు. ఆ డిస్కు ఎవరికి అందుతోందో వాళ్లది పైచెయ్యి. చిన్న క్లస్టర్లలో ఇప్పటికీ మూడో ఓటు కోసం ఏ మూలో ఒక బక్క యంత్రాన్ని పెడతాం. అది ఏ పనీ చెయ్యదు, సాక్షిగా ఉంటుంది అంతే.

వ్యాక్స్ యంత్రాల మీది వీఎంఎస్ వ్యవస్థ తెలుగువాళ్లకు తెలియకుండానే చాలా దగ్గరైంది, రైలు టికెట్ల వల్ల. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. దాని సాఫ్ట్‌వేర్ ఇంప్రెస్‌ను రాసింది సీఎంసీ అనే కంపెనీ. తర్వాత రైల్వేల సొంత సంస్థ క్రిస్, కాన్సర్ట్ అనే కొత్తది రాసి, 1994 సెప్టెంబరులో మొదట పెట్టింది సికింద్రాబాద్‌లో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ కలిశాయి. అంతకు ముందు క్యూలో నిలబడ్డవాళ్లకు గుర్తుంటుంది, తిరుగు ప్రయాణం టికెట్ సంపాదించడం ఎంత గండమో. ఈ కేంద్రాల్లో నడిచినవి వీఎంఎస్ క్లస్టర్లే. క్లస్టర్‌లో ఏ యంత్రం నుంచి ఎవరు అడిగినా ఒక బెర్తు ఒకరికే వెళ్లేలా తాళం వేసే లాక్ మేనేజర్ వీఎంఎస్ లోపలే ఉంటుంది. నా డిస్కుకు పట్టిన గతి రిజర్వేషన్ చార్టుకు పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒకే బెర్తుకు ఇద్దరు, ఇద్దరి చేతిలోనూ అసలు టికెట్టే. ఐదు కేంద్రాల్లో ఎవరి రైళ్ల చిట్టా వాళ్లదే. మధ్యలో లైను తెగితే అవతలి కేంద్రం రైళ్లకు టికెట్ దొరకదు. దొరకదని చెప్పి పంపడం కష్టమే. ఉందో లేదో తెలియని బెర్తును అమ్మడం అంతకన్నా పెద్ద తప్పు. పోర్ట్ బ్లెయిర్‌లో రైలు పట్టా లేదు, రైలు టికెట్ల కౌంటర్ మాత్రం ఉంది. ఓడ దిగి చెన్నైలోనో విశాఖలోనో రైలెక్కే మనిషి ఇక్కడే బెర్తు చూసుకుంటాడు. అంత నీళ్లు దాటి వచ్చే ఆ ఒక్క జవాబు నిజమై తీరాలి.

కోరం ఊహను గణితంతో నిలబెట్టిన పని ఒక దీవి పేరు మీదనే జరిగింది. లెస్లీ లాంపోర్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1990లో ఒక వ్యాసం రాసి పత్రికకు పంపాడు. గ్రీసులోని పాక్సోస్ దీవిలో పూర్వం ఒక శాసనసభ ఉండేదని కల్పించాడు. సభ్యులు వ్యాపారులు, సభకు వస్తూ పోతూ ఉంటారు. కబురు మోసేవాళ్లు మధ్యలో వదిలేసి పోవచ్చు. ప్రతి సభ్యుడి దగ్గరా చెరగని సిరాతో రాసే పుస్తకం ఉంటుంది. ఏ ఇద్దరి పుస్తకాల్లోనూ ఒకదానికొకటి పొసగని చట్టాలు ఉండకూడదు. కిటుకు ఏమిటంటే, సగానికి మించిన ఏ రెండు గుంపులు తీసుకున్నా వాటిలో కనీసం ఒక మనిషి ఉమ్మడిగా ఉండి తీరతాడు. పాత తీర్మానం సంగతి కొత్త గుంపుకు ఆ ఒక్కడి ద్వారా తెలుస్తుంది. పరిశీలకులకు ఈ దీవి కథ నచ్చలేదు, తీసేయమన్నారు. లాంపోర్ట్ తీసేయకుండా వ్యాసాన్ని పక్కన పడేశాడు. అది అచ్చయింది 1998లో. చదివి అర్థం చేసుకోలేక సతమతమైనవాళ్లు చాలామంది. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో డియెగో ఒంగారో, జాన్ ఊస్టర్‌హౌట్ అదే పనిని మనుషులకు అర్థమయ్యేలా చెయ్యాలని రాఫ్ట్ అనే పద్ధతి తెచ్చారు. రాఫ్ట్ అంటే తెప్ప. ఆ పేరుకు ఉన్న కారణాల్లో ఒకటి, పాక్సోస్ దీవి నుంచి తప్పించుకుపోవడానికి తెప్ప కావాలి కదా అని. ఇవాళ ఎన్నో యంత్రాల మీద ప్రోగ్రాములు పంచి నడిపే కుబర్నెటిస్ అడుగున లెక్కలు దాచే ఎట్‌సీడీ నడిచేది ఆ తెప్ప మీదనే.

ఇవన్నీ పెద్ద కంపెనీల, పెద్ద చదువుల కథలు. నాలాంటివాడి చేతికి ఈ విద్య అందింది లైనక్స్ వల్ల. 1990ల చివర్లో ఆలన్ రాబర్ట్‌సన్ హార్ట్‌బీట్ అనే ప్రోగ్రాము రాసి అందరికీ ఇచ్చేశాడు. రెండు మామూలు పీసీలు, వాటి మధ్య నెట్‌వర్క్ తీగ. దాంతో పాటు ఇంకో పాతకాలపు సీరియల్ తీగ కూడా పెట్టమనేవారు. ఒక దారి మూగబోయినా రెండో దారిన చప్పుడు వినపడాలని. పని చేస్తున్న సర్వర్ పోతే దాని చిరునామాను రెండోది తన మీదికి తీసుకుంటుంది. బయటివాడికి అదే చిరునామా, అదే జవాబు. 2000లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఫిలిప్ రైస్నర్ చదువు ముగింపు పనిగా డీఆర్‌బీడీ రాశాడు. ఒక యంత్రం డిస్కు మీద రాసిన ప్రతి అక్షరాన్నీ నెట్‌వర్క్ మీదుగా రెండోదాని డిస్కు మీదా రాస్తుంది. లక్షల రూపాయల ఉమ్మడి డిస్కు పెట్టె లేకుండానే పని జరిగింది. 2008 నాటికి హార్ట్‌బీట్‌లోంచి పేస్‌మేకర్ వేరుపడింది. కబుర్లు, ఓట్లు కోరోసింక్ చూసుకుంటుంది, ఏ పని ఎక్కడ నడవాలో పేస్‌మేకర్ నిర్ణయిస్తుంది. ఈరోజుకీ నేను వాడేవి ఆ రెండే.

ఆ కాలంలోనే ఒక మాట ప్రచారంలోకి వచ్చింది: స్టోనిత్. విప్పి చెబితే, అవతలి నోడు, అంటే క్లస్టర్‌లోని అవతలి యంత్రం, తలలోకి తుపాకీ పేల్చు అని. మొదటిసారి విన్నప్పుడు మొరటుగా అనిపించింది. నా డిస్కు పోయాక దాని అవసరం అర్థమైంది. అవతలి సర్వర్ చప్పుడు ఆగింది. చచ్చిందో బతికుందో తెలియదు. తెలియదు కాబట్టి ఊహించొద్దు. దాని కరెంటు పలకకు వేరే దారిన ఆదేశం పంపి కరెంటు తీయించు. తీసినట్టు ఖాయంగా జవాబు వచ్చాకే దాని పని నువ్వు అందుకో. జవాబు రాకపోతే ముట్టుకోవద్దు. దీనికే మర్యాదగా ఫెన్సింగ్ అని పేరు, అంటే కంచె వెయ్యడం. నేను ఆ ఆఫీసులో వదిలేసింది ఇదే. కరెంటు పలక కొనడానికి ఇంకా డబ్బు మంజూరు కాలేదని, తర్వాత చూద్దామని, ఆ ఒక్క వరుసలో ఫాల్స్ అని రాసి ముందుకు పోయాను. ఇప్పుడు ఎవరైనా కుర్రాడు క్లస్టర్ కట్టి చూపిస్తే నేను మొదట వెతికేది ఆ వరుసనే.

జిమ్ గ్రే గురించి ఇంకొంచెం చెప్పాలి. 1985లో టాండెమ్‌లో పని చేస్తున్నప్పుడు, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయని లెక్కలు తీశాడు. నూటికి నలభై రెండు సార్లు కారణం వాటిని చూసుకునే మనుషుల పనే: మరమ్మతు, ఆపరేటర్ల పొరపాట్లు, సెట్టింగులు. యంత్ర భాగాలు చెడడం వల్ల ఆగింది పద్దెనిమిది సార్లే. యంత్రం చావుకు రెండో యంత్రం ఉంది. నేను రాసే తప్పు వరుస మాత్రం రెండు యంత్రాల మీదికీ ఒకేసారి వెళ్తుంది. అందుకే క్లస్టర్ నడపడమంటే సగం పని ఏమీ మార్చకుండా ఉండడం, మార్చినప్పుడు ఒక్కొక్క నోడునూ పక్కకు తప్పించి మార్చడం, మూడు నెలలకోసారైనా పగటిపూట అందరూ చూస్తుండగా తీగ పీకి పరీక్షించడం. ఏడాదికి ఐదు నిమిషాలకు మించి ఆగకూడదు అనే షరతును మా వాళ్లు ఐదు తొమ్మిదులు అంటారు, 99.999 శాతం. మనిషి నిద్ర లేచి చెప్పులు వేసుకునే లోపే ఆ ఐదు నిమిషాలూ అయిపోతాయి.

ఆ జిమ్ గ్రే 2007 జనవరి 28న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తెరచాప పడవలో ఒంటరిగా ఫారలాన్ దీవుల వైపు వెళ్లాడు, తల్లి చితాభస్మం సముద్రంలో కలపడానికి. తిరిగి రాలేదు. పడవ నుంచి కబురు లేదు. కోస్ట్ గార్డ్ వెతికింది, మిత్రులు ఉపగ్రహం తీసిన ఫోటోలను వేలమంది చేత వెతికించారు. ఏమీ దొరకలేదు. చట్టం ఆయన్ను మరణించినవాడిగా ఒప్పుకున్నది 2012లో. మన 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ అయితే ఏడేళ్లు ఆగమంది. కోరోసింక్‌లో టోకెన్ అనే సెట్టింగు ఉంటుంది, ఎంతసేపు చప్పుడు లేకపోతే పోయినట్టు అనుకోవాలో చెప్పే అంకె. చాలాకాలం అది మామూలుగా ఒక సెకను. ఆ అంకెను మార్చిన ప్రతిసారీ నాకు ఈ ఐదేళ్లూ, ఏడేళ్లూ గుర్తొస్తాయి. నాలుగో రోజునే కర్మ చెయ్యమన్న చుట్టాలూ గుర్తొస్తారు.

ఈ దీవుల్లో ఆ అంకెకు మరీ బరువు ఎక్కువ. 2020కి ముందు ఇక్కడి నుంచి బయటి ప్రపంచానికి ఉపగ్రహమే దారి. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి ఎక్కి దిగి, జవాబు కోసం మళ్లీ ఎక్కి దిగాలి. అడిగిన మాటకు బదులు రావడానికి అర సెకను దాకా పోతుంది. వాన ముసురు పడితే ఇంకా. అలాంటి దారి మీద ఒక నోడు చెన్నైలో, ఒకటి అబర్డీన్ బజార్ పక్కన పెట్టి ఒక సెకను గడువు ఇస్తే, రోజూ ఎవరో ఒకరు చచ్చిపోయినట్టు లెక్కే. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ కేబుల్ మొదలైంది. సుమారు 2,300 కిలోమీటర్లు, 1,224 కోట్ల రూపాయలు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, హట్‌బే, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దాకా తీగ వెళ్లింది. వెలుగు గాజు తీగలో సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై తిన్నగా చూసినా 1,350 కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి రాను పోను పదమూడు మిల్లీసెకన్లకు తగ్గదు. అర సెకను ఎక్కడ, పదమూడు మిల్లీసెకన్లు ఎక్కడ. అయినా సముద్రానికి అటూ ఇటూ ఒకే క్లస్టర్ సాగదీయను. ఆ తీగ తెగితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఈ ఒడ్డున ఒక పూర్తి క్లస్టర్, ఆ ఒడ్డున ఒకటి. ఏ ఒడ్డున పని నడవాలో చెప్పే టికెట్ ఒకటే ఉంటుంది. దాన్ని బూత్ అనే ప్రోగ్రాము చేతులు మారుస్తుంది, మూడో ఊళ్లో ఉన్న మధ్యవర్తి ఓటుతో. టికెట్‌కు గడువు ఉంటుంది. గడువు దాటేలోగా మళ్లీ ఓట్లు పడకపోతే, ఉన్న ఒడ్డు తనంతట తానే పని ఆపేస్తుంది. టాండెమ్ నాటి నియమం ఇదిగో ఇక్కడ మళ్లీ వచ్చింది.

కబురుకు వేరే దారి ఒకటి ఉండడం ఎంత మేలో ఈ దీవులు 2004 సునామీలోనే చూశాయి. అప్పుడు ఆ వేరే దారి అయింది ఒక రేడియో బృందం. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో హ్యామ్ రేడియో బృందం ఒకటి ఆ డిసెంబరు మొదట్లో పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. వచ్చింది వేరే పనికి: ఏళ్ల తరబడి అనుమతి లేని ఈ దీవుల నుంచి ప్రపంచంలోని ఔత్సాహిక రేడియోవాళ్లతో, అంటే హ్యామ్‌లతో మాట్లాడడానికి. 26 ఉదయం భూకంపం వచ్చాక ఫోన్లు పోయాయి, వాళ్ల చేతిలో మాత్రం షార్ట్‌వేవ్ సెట్లు, యాంటెన్నాలు ఉన్నాయి. అప్పటి నుంచి ఆ రేడియో మీద క్షేమ సమాచారాలే. ఎవరు ఉన్నారు, ఎవరి జాడ తెలియలేదు, ఇంట్లోవాళ్లకు చెప్పండి. టెలిఫోన్‌కు ఏ సంబంధమూ లేని దారి అది. రాబర్ట్‌సన్ కాలపు సీరియల్ తీగ లాంటిది.

నా పని పూర్తయిన రోజు మధ్యాహ్నం ఆఫీసులో అందరినీ పిలిచి మొదటి సర్వర్ నెట్‌వర్క్ తీగలు రెండూ పీకించాను. తెర మీద చప్పుడు ఆగింది. మిగిలిన రెండింటికీ కోరం ఉంది. కరెంటు పలక ఆ ఒంటరి సర్వర్‌ను ఆర్పింది, ఆర్పినట్టు జవాబు వచ్చింది, ఆ తర్వాతే రెండోది చిరునామా తీసుకుంది. మొత్తం ఇరవై రెండు సెకన్లు. పక్క గదిలో బిల్లు కొడుతున్న అమ్మాయి తల ఎత్తి చూడలేదు.

ఓడ ఎక్కే ముందు సాయంత్రం కొట్టుకు వెళ్లాను. మామ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. తమ్ముడు ఇప్పుడు హట్‌బేలో ఉంటున్నాడు. రోజూ దీపాలు పెట్టే వేళకి చేస్తుందట. ఆ రోజు ఎత్తలేదు.

"ఎత్తలేదా మామ్మా?"

"ఆడి ఫోను అంతే బాబూ, సార్జింగుండదు." ఇంకో నంబరు నొక్కింది. "పక్కింటాయనకి సేస్తన్నాను. ఆయన ఎళ్లి సూసొచ్చి సెప్తాడు."

టీ పొయ్యి మీద పొంగుతోంది. ఆమె ఫోన్ దించకుండానే మంట తగ్గించింది.